మూడో తిరస్కారం

నిజాయితీ వచ్చే నెల ఒకటో తారీఖు ఉదయం పదిన్నర నుంచి అమల్లోకి వస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. అంతవరకూ పాత పద్ధతే కొనసాగుతుందనీ, ప్రజలు కంగారు పడనక్కర్లేదనీ ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. మిగిలిన ఇరవై రెండు రోజుల్నీ ఉద్యోగులు ఎంత శ్రద్ధగా వాడుకున్నారంటే, ఆఫీసులు ఆదివారాలు కూడా తెరిచే ఉన్నాయి.

దీని వెనక పెద్ద కృషే ఉంది. అవినీతి నిర్మూలనకి ఏడుగురు పెద్దమనుషులతో వేసిన కమిషను పద్దెనిమిది నెలలపాటు పదకొండు దేశాల హోటళ్ళలో బస చేసి, సమస్య మూలాన్ని పట్టుకుంది. లంచం తీసుకున్నవాణ్ణి కనిపెట్టడం కష్టం, ఎందుకంటే వాడు చెప్పడు. తీసుకోనివాణ్ణి కనిపెట్టడం సులువు, వాడు చెబుతాడు. కాబట్టి ఇకమీదట ప్రభుత్వ జీతం తీసుకునే ప్రతి మనిషీ, మంత్రి మొదలు బంట్రోతు దాకా, మూడు నెలల్లో కనీసం మూడు లంచాలు తిరస్కరించి రుజువులు దాఖలు చెయ్యాలి. రుజువు మీద ఇవ్వజూపినవారి సంతకం ఉండాలి. ఇవ్వజూపినందుకు వాళ్ళమీద ఏ చర్యా ఉండదు, పైగా ప్రభుత్వం ధన్యవాద పత్రం పంపుతుంది. రుజువులు లేనివాడు ఎన్నడూ తిరస్కరించనట్టు. ఎన్నడూ తిరస్కరించనివాడు ఎప్పుడూ తీసుకుంటున్నట్టు. ఇందులో లొసుగు ఏమైనా ఉందా అని విలేకరులు ప్రతిపక్షాన్ని అడిగితే, తమ తిరస్కారాలు పోగేసుకునే హడావుడిలో ఉన్నామనీ, తర్వాత చూస్తామనీ జవాబొచ్చింది.

రుజువు పత్రం పేరు పదిహేడో నంబరు ఫారం. ఏ పని కోసం ఇవ్వజూపారు, ఏమి ఇవ్వజూపారు, ఏ విధంగా తిరస్కరించారు అని మూడు గళ్ళు. మూడో గడిలో ‘మర్యాదగా, కోపంగా, కన్నీళ్ళతో’ అని అచ్చేసి, వర్తించనివి కొట్టివేయమన్నారు.

ఈ ఫారం చూసి జిల్లా కార్యాలయం మొత్తమ్మీద చెమటలు పట్టిన మనిషి ఒక్కడే. అందరూ ఆయన్ని వానగుమాస్తా అంటారు. మూడో అంతస్తులో డాబా మీదికెళ్ళే మెట్ల పక్క గది ఆయనది. రోజూ ఎనిమిదిన్నరకి డాబా ఎక్కి, వర్షమాపకం మూత తీసి, లోపలి గాజు కొలపాత్రని కంటికి సరిగ్గా ఎత్తి పట్టుకుని, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాస్తాడు. వాన లేకపోతే సున్న చుడతాడు. ఇరవయ్యారేళ్ళలో ఒక్క అంకె దిద్దలేదు. ఒక్క లంచం తీసుకోలేదు. తీసుకోకపోవడానికి కారణం, ఎవరూ ఇవ్వకపోవడం. ఆ దేశంలో ఎవరి సంతకమూ లేకుండా కిందికి దిగేది వాన ఒక్కటే.

సూపరింటెండెంటు మంచివాడు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వబోయే ఉంటారనీ, గుర్తు తెచ్చుకోమనీ బతిమాలాడు. వానగుమాస్తా కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికాడు. పదేళ్ళ కిందట ఆటలపోటీల వాళ్ళు వచ్చి, రేపు వాన పడుతుందా అని అడిగారు. రేపటి వాన తన విభాగం కాదనీ, తనది నిన్నటి వానేననీ చెప్పాడు. అయినా వాళ్ళు టీ ఇప్పిస్తామన్నారు.

“అదే, అదే. అది రాసెయ్,” అన్నాడు సూపరింటెండెంటు.

“తాగానండీ.”

సూపరింటెండెంటు ఆయనకేసి జాలిగా చూశాడు. జీవితం మొత్తంలో ఎదురైన ఒకే ఒక్క పరీక్షలో ఇలా తప్పిపోయినవాడికి ఏం సాయం చెయ్యగలం?

మూడు రుజువులు లేకపోతే ఉద్యోగం పోతుంది. పింఛను పోతుంది. ప్రభుత్వ క్వార్టరు ఏడు రోజుల్లో ఖాళీ చెయ్యాలి. రిటైరవడానికి ఇంక పద్నాలుగు నెలలే ఉంది. ఆ రెండు గదుల్నీ, ఆ పింఛన్నీ నమ్ముకుని వానగుమాస్తా, ఆయన భార్యా కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నారు.

ఆవిడ సర్క్యులరు రెండుసార్లు చదివింది.

“ఏమండీ, ఒక్కడు కూడానా?”

“ఒక్కడు కూడా.”

“మాటవరసకైనా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. మా ఆయన చెయ్యి శుభ్రమని ఆవిడ ఇన్నేళ్ళూ కుళాయి దగ్గర గర్వంగా చెప్పుకునేది. ఆ చేతిని మురికి చెయ్యాలని ఎవరికీ తోచనేలేదని ఇప్పుడు తెలిసింది. కింది వాటాలో రిజిస్ట్రేషను గుమాస్తా భార్య అయితే, మావారికి మొదటిరోజే పదిహేడని అడక్కుండానే చెప్పింది. చెప్పి, మీవారికెన్నమ్మా అని అడిగింది. ఆవిడ బిందె సగం నిండకుండానే ఎత్తుకుని పైకొచ్చేసింది.

సాయంత్రం ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఇళ్ళ ప్లానులు మంజూరు చేసే విభాగంలో పని. లక్ష్యం మూడైతే నలభై రుజువులు దాఖలు చేసి, అభినందన పత్రం అందుకున్నాడు.

“ఇందులో బ్రహ్మవిద్యేం లేదు బావా. పదిమంది ఇస్తే ఏడుగురివి పుచ్చుకుంటాను. మరీ తక్కువ పెట్టిన ముగ్గురివి వద్దంటాను. మొదట్నించీ నా పద్ధతి ఇంతే. అది నిజాయితీ అని తెలీక, ఇన్నాళ్ళూ బేరం అనుకున్నాను.”

“వాటిల్లోంచి మూడు మీ బావకి ఇవ్వకూడదురా?” అంది అక్క.

తిరస్కారాలు బదిలీ చెయ్యడానికి వీల్లేదని ఆరో నిబంధన చెబుతోంది. తమ్ముడు నిబంధనలు దాటే మనిషి కాడు. కానీ ఊరికే వెళ్ళిపోకుండా ఒక సలహా పారేశాడు. బల్ల సొరుగు నాలుగు వేళ్ళంత తెరిచిపెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవాలి. అది చూసి అర్థం చేసుకోలేని పౌరుడు దేశంలో లేడన్నాడు.

వానగుమాస్తా సొరుగు తెరిచి, మెడ నొప్పి పుట్టేదాకా కిటికీకేసి చూస్తూ పదకొండు రోజులు కూర్చున్నాడు. పన్నెండో రోజు సొరుగులో మడిచిన కాగితం కనిపించింది. గబగబా విప్పాడు. ఎవరో దాన్ని సలహాల పెట్టె అనుకుని, మూడో అంతస్తు మరుగుదొడ్డిలో నీళ్ళు రావడం లేదని రాసి పడేశారు.

ఈలోగా సమాజం చట్టానికి అలవాటు పడింది. ఆఫీసు గేటు బయట అర్జీలు రాసేవాళ్ళ పక్కనే ‘ఇవ్వజూపువారి సంఘం’ వెలిసింది. పని దొరకని నాటకాలవాళ్ళు ముగ్గురు అందులో సభ్యులు. బల్ల ముందు నిలబడి, ఇల్లాలి జబ్బు గురించీ పొలం తగాదా గురించీ చెప్పి, కవరు తీసి, ఛీ పొమ్మనిపించుకుని, సంతకం చేసి వెళ్ళిపోతారు. ఏడవాలంటే రేటు వేరు. వానగుమాస్తా సిగ్గు చంపుకుని అక్కడికి వెళ్ళాడు. ఆయన దగ్గర జనానికి ఏం పని ఉంటుందని సంఘం కార్యదర్శి అడిగాడు. వాన కొలుస్తానన్నాడు. కార్యదర్శి తన పుస్తకం మొదట్నించి చివరిదాకా తిరగేసి, వానకి తమ దగ్గర సంభాషణలు లేవన్నాడు. కొత్తగా రాయించాలంటే నెల పడుతుందట. తొందరగా కావాలంటే పైన కొంచెం ఇచ్చుకోవాలట. పైన ఇచ్చుకునేదానికి రసీదిస్తారా అని వానగుమాస్తా అడిగాడు. కార్యదర్శి నవ్వీ నవ్వీ పొలమారి, మంచినీళ్ళు తాగితే గానీ తేరుకోలేదు.

వానగుమాస్తా వెనక్కి వచ్చేశాడు. లంచం వద్దనడానికి లంచం ఇవ్వడం ఆయనకి చేతకాలేదు. జరిగింది చెబితే భార్య, మంచిపని చేశారు అంది. అని, కంచాలు కడుగుతూ, కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది.

రెండో నెల చివర్లో మంత్రిగారికి సన్మానం జరిగింది. ఉద్యోగులందర్నీ బస్సుల్లో స్టేడియానికి తరలించి, గేటు దగ్గర హాజరు వేశారు. మంత్రిగారు దాఖలు చేసిన తిరస్కారాలు నాలుగు వేల రెండు వందల పదహారు. జాతి మొత్తమ్మీద ఆయనే ప్రథముడు. మైకు ముందుకి వచ్చి, చప్పట్లు తగ్గేదాకా చేతులు జోడించి నిలబడ్డాడు.

“సోదర సోదరీమణులారా, నాకు లంచం ఇవ్వజూపని కాంట్రాక్టరు ఈ దేశంలో ఒక్కడంటే ఒక్కడు లేడు. ప్రజలకి నా మీద ఉన్న నమ్మకం అది. నాలుగు వేల రెండు వందల పదహారు సార్లు నేను వద్దన్నాను. మరి ఎన్నిసార్లు సరేనన్నారని కొందరు గిట్టనివాళ్ళు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు. చట్టం అడగని సంగతి చెప్పడం చట్టాన్ని ధిక్కరించడం. నా ప్రాణం ఉండగా ఆ పని చెయ్యను.”

స్టేడియం లేచి నిలబడింది. వానగుమాస్తా కూడా లేచి చప్పట్లు కొట్టాడు. నాలుగు వేలు ఒక్కడికే ఎందుకు, మూడు నాకిస్తే ఏం పోయిందని మనసులో అనుకున్నాడేమో గానీ, చప్పట్లలో ఎక్కడా లోటు రానివ్వలేదు.

ఆ సన్మానమే ఆయన పాలిటికి మలుపు అయింది. ఏటా వానాకాలం ముగిశాక ఏ జిల్లాలో కరువు, ఏ జిల్లాలో వరద అన్నది మంత్రిగారి గదిలో తలుపులు వేసుకుని తేల్చేవారు. ఇప్పుడు మంత్రిగారికి పొద్దస్తమానం తిరస్కరించడంతోనే సరిపోతోంది. అందుకని ఆ నిర్ణయాన్ని ఆయన పారదర్శకత అనే పేరుతో కిందికి వదిలేశాడు. జిల్లా రిజిస్టరులో సీజను మొత్తం నాలుగొందల మిల్లీమీటర్లకి తక్కువుంటే కరువు. ఏడొందలు దాటితే వరద. గుమాస్తా రాసిందే ఖాయం. లెక్క ఇవ్వాల్సిన గడువు, తిరస్కారాల గడువు ఒకేరోజు పడ్డాయి.

గడువుకి రెండు రోజుల ముందు ట్యాంకర్ల కాంట్రాక్టరు ఆయాసపడుతూ మూడంతస్తులెక్కి వచ్చాడు. కరువొస్తే జిల్లా మొత్తానికి నీళ్ళు తోలేది ఆయనే. తెరిచి ఉన్న సొరుగుని చూసి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వి, ఒక లావుపాటి కవరు అందులోకి జారవిడిచాడు.

“నాలుగొందలకి కాస్త దిగువన రాస్తే చాలు గుమాస్తాగారూ. వానా మీదే, కలమూ మీదే.”

వానగుమాస్తా లేచి నిలబడ్డాడు.

“ఇది లంచమేనా అండీ?”

“భలేవారే. ముప్ఫై ఏళ్ళ సర్వీసండీ నాది.”

“అయితే వద్దండీ,” అని కవరు తీసి ఇచ్చేసి, పదిహేడో నంబరు ఫారాన్ని రెండు చేతులతో ముందుకి జరిపాడు. కాంట్రాక్టరు ఏమీ నొచ్చుకోలేదు. రోజుకి వందచోట్ల సంతకాలు పెట్టలేక, ‘ఇవ్వజూపితిని’ అని రబ్బరు ముద్ర చేయించుకున్నాడు. జేబులోంచి తీసి గట్టిగా కొట్టి, కింద పొట్టి సంతకం గీకి, టీ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. వానగుమాస్తా మూడో గడిలో ‘మర్యాదగా, కోపంగా’ రెండూ కొట్టేశాడు. అబద్ధం రాయలేదు.

మర్నాడు కరకట్టల కాంట్రాక్టరు వచ్చాడు. ఈయనకి ఏడొందలు దాటాలి. ఈయన ముద్ర ఇంకా పెద్దది, అందులో ఫోను నంబరు కూడా ఉంది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర వానగుమాస్తా భార్య, అవసరమైనదానికన్నా కొంచెం పెద్ద గొంతుతో, మావారికి రెండోది కూడా అయిందని చెప్పి, బిందె నిండేదాకా నిలబడింది.

ఇంక ఒక్కటి. గడువు చివరిరోజు, సాయంత్రం ఐదింటిదాకా.

మూడున్నరకి కాలనీ సంఘం వచ్చింది. తొమ్మిదిమంది. ముందు సంఘం అధ్యక్షుడు రిటైర్డు హెడ్మాస్టరు, వెనక మందుల షాపాయన, ఆ వెనక తక్కినవాళ్ళు. ఊళ్ళో ఇంత మర్యాదస్తులు ఇంకెక్కడా లేరు. నెలనెలా మొదటి ఆదివారం అవినీతిని ఖండిస్తూ తీర్మానం చేస్తారు. ఈ నెల తీర్మానం అయ్యాక ఇంకో చిక్కు వాళ్ళ దృష్టికి వచ్చింది. ఈ ఏడు వాన ఐదొందల యాభై రెండు పడిందట. అంటే మామూలు వాన. మామూలు వానకి ప్రభుత్వం దగ్గర ఏ పథకమూ లేదు. కరువైతే ఇంటిపన్ను రద్దు, అప్పుల వాయిదా, మూడు నెలలు ఉచితంగా ధాన్యం. వరదైతే ఇంటి మరమ్మతుకి సాయం. చేతులెత్తి ఓటు వేసుకున్నారు. కరువుకి నలభై ఒకటి, వరదకి పద్దెనిమిది. ప్రజాస్వామ్యబద్ధంగా కరువు గెలిచింది.

హెడ్మాస్టరు ఒక ప్యాకెట్టు విప్పి బల్లమీద పరిచాడు. ఖరీదైన వానకోటు. లోపల మెత్తని అస్తరు, తలకి టోపీ, ఇత్తడి గుండీలు.

“ఏమయ్యా, ఇరవయ్యారేళ్ళుగా మా అందరికోసం డాబామీద తడుస్తున్నావు. కాలనీ అంతా అభిమానంతో తెచ్చింది. వేసుకో. అన్నట్టు, ఆ రిజిస్టరులో ఏ మూడొందల తొంభయ్యో రాశావంటే పేదాసాదా నీ పేరు చెప్పుకుంటారు.”

వానగుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. గడువు ఇంకా గంటన్నర ఉంది. పింఛను దక్కింది. ఇల్లు దక్కింది.

“చాలా సంతోషం మాస్టారూ. నాకు వద్దు,” అని వానకోటుని జాగ్రత్తగా మడతపెట్టి తిరిగిచ్చి, ఫారం ముందుకి జరిపాడు. “ఇక్కడ మీ సంతకం పెడితే చాలు.”

హెడ్మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని పైన అచ్చేసిన వాక్యం చదివాడు. మళ్ళీ చదివాడు. మొహం నల్లబడింది.

“లంచం ఇవ్వజూపినవారి సంతకమా? నలభై ఏళ్ళు పిల్లలకి నీతి చెప్పిన చేతులయ్యా ఇవి.”

“మీరు ఇవ్వలేదు మాస్టారూ. ఇవ్వజూపారు, అంతే. మీమీద చర్యేమీ ఉండదు. ధన్యవాద పత్రం కూడా వస్తుంది.”

“ఇది అభిమానం.”

“అభిమానమైతే మూడొందల తొంభై ఎందుకండీ?”

“అది వేరే సంగతి. దానికీ దీనికీ సంబంధం లేదు.”

“కాంట్రాక్టర్లనీ మమ్మల్నీ ఒకే గాటన కడతావా?” అన్నాడు మందుల షాపాయన వెనకనించి. తక్కినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

వానగుమాస్తా దాచుకోకుండా అంతా చెప్పేశాడు. పింఛను సంగతి, ఇంటి సంగతి, రిటైరవడానికి మిగిలిన నెలల సంగతి. ఆ రెండు సంతకాలూ ఇచ్చిన కాంట్రాక్టర్లు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదని కూడా చెప్పాడు. అలా చెప్పకుండా ఉండాల్సింది. హెడ్మాస్టరు ఎంతైనా మనసున్న మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫెయిలయ్యే కుర్రాడికి దారి చూపిస్తున్నట్టు గొంతు తగ్గించాడు.

“పోనీ ఒక పని చెయ్యి. రిజిస్టరులో మూడొందల తొంభై అని రాసెయ్యి. వానకోటు ఉంచుకో. అప్పుడు నువ్వు మా లంచం తిరస్కరించావని నేనే సంతకం పెడతాను. ఎలాగూ నువ్వు పుచ్చుకుంటావు కాబట్టి, ఇవ్వజూపామన్న మాట మాకు అంత చిన్నతనం అనిపించదు. ఇరువైపులా గౌరవం నిలబడుతుంది.”

ఇది చట్టానికి పూర్తిగా లోబడిన ఏర్పాటు. ఇంతకన్నా పకడ్బందీగా కమిషను కూడా ఆలోచించలేకపోయింది. వానగుమాస్తా ఫారాన్ని చూశాడు, రిజిస్టరుని చూశాడు. భార్య రెండోసారి కడిగిన కంచం గుర్తొచ్చింది. కలం మూత తీశాడు. తొమ్మిదిమందీ ముందుకి వంగారు.

ఐదొందల యాభై రెండు అని వేసి, కింద గీత గీశాడు.

ఆ పని ఆయన ఎందుకు చేశాడో ఏ నివేదికలోనూ లేదు. అటువంటి ప్రవర్తనకి కమిషను ఏ గడీ కేటాయించలేదు.

తర్వాతి చర్యలు చకచకా జరిగాయి. ‘మూడో లంచాన్ని తిరస్కరించడంలో విఫలమైనందున, సదరు లంచాన్ని స్వీకరించినట్టుగా భావించి’ ఆయన్ని ఉద్యోగంలోంచి తొలగించారు. ఎటువంటి లంచమూ ఎరగని పౌరుల్ని అవమానించాడని కాలనీ సంఘం పెట్టిన ఫిర్యాదు కూడా ఉత్తర్వుకి జతచేశారు. కొత్త గుమాస్తా మూడు తిరస్కారాలు చేతిలో పట్టుకునే వచ్చాడు. వచ్చీ రాగానే రిజిస్టరు తనిఖీ చేసి, అవినీతిపరుడు రాసిన అంకె చెల్లదని తేల్చి, మూడొందల తొంభై వేశాడు. ప్రభుత్వం జిల్లాలో కరువు ప్రకటించింది. కరకట్టల కాంట్రాక్టరు మనసు కష్టపెట్టుకోకుండా, ఎండకి బీటలు తీసిన కట్టల మరమ్మతు ఆయనకి అప్పగించారు. వాన సంగతి వానకి ఎవరూ చెప్పకపోవడంతో అది కురుస్తూనే ఉంది.

ఏడో రోజు వానగుమాస్తా, భార్యా సామాను చిన్న వ్యానులోకి ఎక్కించుకుని క్వార్టరు తాళం అప్పగించారు. బావమరిది వస్తానన్నాడు గానీ, ఆ రోజు అతనికి అవినీతి వ్యతిరేక శిక్షణ తరగతి ఉంది. వ్యాను కరువు సాయం కేంద్రం ముందుకి వచ్చేసరికి ఆగిపోయింది. రోడ్డుమీద పిక్కల్లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో వీధి చివరిదాకా గొడుగుల వరస. కరువు ధాన్యం ఇస్తున్నారు. వరసలో జనం, ఈ దేశం ఎప్పటికి బాగుపడుతుందని ఒకరినొకరు అడుగుతున్నారు. పైవాళ్ళు మారితే తప్ప లాభం లేదని ఒకాయన అంటే, గొడుగులన్నీ అవునన్నట్టు ఊగాయి.

వరసలోంచి హెడ్మాస్టరు వ్యాను దగ్గరికి వచ్చాడు. ఇత్తడి గుండీల వానకోటు ఆయనకి బాగా కుదిరింది. వానగుమాస్తా భుజంమీద చెయ్యి వేశాడు. గొంతులో నిజమైన బాధ ఉంది.

“మూడోది కూడా ఎక్కడో వద్దని ఉంటే నీకీ గతి పట్టేదా చెప్పు? రెండు వద్దన్నవాడివి. ఆ ఒక్కదాని దగ్గర ఆశపడ్డావు.”

వానగుమాస్తా ఏదో అనబోయాడు. ఆయన భార్య ఒడిలో ఉన్న గిన్నెల సంచిని సర్దుకుని, ఆయన కన్నా ముందే మాట్లాడింది.

“మీ వరస కదులుతోంది మాస్టారూ. వెళ్ళండి.”

నిజంగానే కదులుతోంది. హెడ్మాస్టరు గబగబా వెనక్కి తిరిగి, ప్యాంటు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, జారకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి, కరువు కార్డు తడవకుండా గుండెకి ఆనించుకుని తన చోట్లో నిలబడ్డాడు. ఆయన వెనక ఎవరెవరు నిలబడ్డారో మనం తొంగి చూడక్కర్లేదు. మన గొడుగులు మనకి తెలుసు.